ఇంట్లో ఐస్ కాఫీ ప్రొటీన్ డ్రింకు: తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు ఎండలు ముదిరే కొద్దీ ఈ డ్రింకు గురించి అడిగేవారు పెరుగుతారు. కానిస్టేబుల్ పరుగుకు సిద్ధమయ్యే పిల్లలు, పొద్దున్నే బస్సు అందుకోవాల్సిన ఉద్యోగులు, ఇంటిల్లిపాదికీ వండిపెట్టే తల్లులు అడిగే సందేహాలు చాలావరకు ఒకటే. అందుకే వాటిని ఒకచోట చేర్చాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు. ఏ జవాబుకు ఆ జవాబే పూర్తిగా ఉంటుంది.

## మొదలుపెట్టే ముందు

మామూలు కోల్డ్ కాఫీకి, దీనికి తేడా ఏమిటి?

దుకాణాల్లో అమ్మే కోల్డ్ కాఫీలో పాలు, చక్కెర, ఐస్‌క్రీమ్ ఉంటాయి. గ్లాసు తాగితే పొట్ట నిండినట్లు ఉంటుంది కానీ, అందే ప్రొటీన్ చాలా వరకు అందులోని పాలదే, అంటే ఆరేడు గ్రాములు. ఇంట్లో చేసుకునే ప్రొటీన్ డ్రింకులో చక్కెర తగ్గించి పాలపొడి, పుట్నాల పొడి లేదా వే ప్రొటీన్ పొడి (పాల విరుగుడు నీటి నుంచి తీసే పొడి) కలుపుతాం. దాంతో గ్లాసుకు 20 నుంచి 30 గ్రాముల ప్రొటీన్ వస్తుంది. ఉదయం టిఫిన్ సరిగా చేయలేని రోజున ఇది నిజంగా ఆసరా అవుతుంది.

నాకు రోజుకు ఎంత ప్రొటీన్ కావాలి?

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన లెక్క ప్రకారం, ఆరోగ్యంగా ఉన్న పెద్దవారికి శరీర బరువులో కిలోకు 0.83 గ్రాములు. 60 కిలోల మనిషికి రోజుకు దాదాపు 50 గ్రాములన్నమాట. గట్టిగా వ్యాయామం చేసేవారికి, పరుగు సాధన చేసేవారికి కిలోకు 1.2 గ్రాములు, అంతకంటే కొంత ఎక్కువ కూడా అవసరం కావచ్చు.

ఈ లెక్కను మీ పళ్లెంతో పోల్చి చూడండి. అన్నం, పచ్చిపులుసు, పచ్చడితో రెండు పూటలు గడిచిన రోజున 50 గ్రాములు అందడం కష్టం. ముద్దపప్పు, రెండు గుడ్లు, గ్లాసు పాలు, కాస్త పెరుగు ఉన్న రోజున సగం భారం తీరిపోతుంది. మిగిలిన లోటు ఎంతో అంతకే ఈ డ్రింకు కావాలి.

నేను జిమ్‌కు వెళ్లను. అయినా ప్రొటీన్ పొడి కొనాలా?

అక్కర్లేదు. భారత వైద్య పరిశోధన మండలి, జాతీయ పోషకాహార సంస్థ కలిసి 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు కూడా కండలు పెంచుకోవడానికి ప్రొటీన్ పొడుల మీద ఆధారపడవద్దనే చెప్పాయి. పప్పులు, పాలు, గుడ్లు, పల్లీలు, మాంసంతోనే లోటు తీరుతుంది. పొడి వల్ల కలిగే లాభం సౌకర్యమే. కొనగలిగినవారు, టైము లేనివారు వాడుకోవచ్చు. కొనలేకపోతున్నామని ఏ తల్లీ బాధపడాల్సిన పని లేదు.

వే పొడి కొనకుండా, ఇంట్లో ఉన్న వాటితోనే చేయలేమా?

చేయగలం, చాలామందికి నేను ముందు చెప్పేది ఇదే. ఒక గ్లాసుకు కావలసినవి:

కాచి చల్లార్చిన పాలు 200 మిల్లీలీటర్లు, కొవ్వు తీసిన పాలపొడి 20 గ్రాములు, మెత్తని పుట్నాల పొడి 20 గ్రాములు, వేయించి పొట్టు తీసిన పల్లీలు 10 గ్రాములు, ఇన్‌స్టంట్ కాఫీ పొడి చెంచాన్నర.

పాలలో ఆరేడు గ్రాములు, పాలపొడిలో ఏడు, పుట్నాల్లో నాలుగు, పల్లీల్లో రెండున్నర. మొత్తం 20 గ్రాముల ప్రొటీన్. వీటిలో అసలు బలం కొవ్వు తీసిన పాలపొడిది. వంద గ్రాములకు 35 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది, చల్లటి పాలలోనూ బాగా కలుస్తుంది, రుచి చెడదు. టీల కోసం వాడే కొన్ని పొడుల్లో చక్కెర, కొవ్వు కలిసి ఉంటాయి. ప్యాకెట్ వెనక చదివి కొనండి.

పుట్నాలు ముందే వేగినవి కాబట్టి మళ్లీ ఉడికించనవసరం లేదు. మిక్సీలో పట్టి, జల్లెడ పట్టి, పాలలో పది నిమిషాలు నాననివ్వాలి. నానితే నాలుకకు పిండిలా తగలదు. సద్దుల బతుకమ్మకు పల్లి సత్తు, నువ్వుల సత్తు, పెసర సత్తు చేసుకునే ఇళ్లలో ఈ రుచి కొత్తగా ఉండదు. అలవాటు లేనివారికి మొదట్లో కడుపు ఉబ్బరంగా అనిపిస్తే పుట్నాల పొడిని సగానికి తగ్గించి, వారం తర్వాత పెంచండి.

జొన్నపిండి, సజ్జపిండి కలపవచ్చా?

పచ్చి పిండి కలపకూడదు. అరగదు, రుచి కూడా ఉండదు. పైగా వీటిలో ప్రొటీన్ వంద గ్రాములకు పది, పదకొండు గ్రాములే. జొన్నలను రొట్టెగా, సజ్జలను గటకగా తినడమే మేలు.

పల్లీలు మన దగ్గర బాగా దొరుకుతాయి కదా, వాటినే ఎక్కువ వేసుకుంటే?

వనపర్తి, నాగర్‌కర్నూల్, అచ్చంపేట వైపు యాసంగిలో పల్లీ పంట విస్తారంగా పండుతుంది, ధర కూడా అందుబాటులో ఉంటుంది. వంద గ్రాముల పల్లీల్లో 25 గ్రాముల ప్రొటీన్ ఉన్నా, 48 గ్రాముల దాకా కొవ్వు కూడా ఉంటుంది. అందుకే గ్లాసుకు గుప్పెడు మించకూడదు. ఇంకో ముఖ్యమైన జాగ్రత్త: ముడుచుకుపోయినవి, రంగు మారినవి, బూజు వాసన వచ్చేవి ఏరి పారేయండి. తడి తగిలిన పల్లీల్లో పెరిగే బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. అది కాలేయానికి హాని చేస్తుంది, వేయించినా పూర్తిగా పోదు. ఈ విషయంలో పొదుపు చూడకండి.

ప్రొటీన్ పొడి కొనాలనుకుంటే డబ్బా మీద ఏమి చూడాలి?

ముందు 14 అంకెల ఆహార భద్రతా లైసెన్స్ నంబరు, గడువు తేదీ, చెక్కుచెదరని సీలు. తర్వాత స్కూపు (డబ్బాలో వచ్చే కొలత చెంచా) బరువు ఎంత, అందులో ప్రొటీన్ ఎంత అన్నది. 30 గ్రాముల స్కూపులో 24 గ్రాములుంటే ఎనభై శాతం, మంచిదే. అదే స్కూపులో పదిలోపు ఉంటే మీరు కొంటున్నది ఎక్కువగా పిండి, చక్కెరే. బరువు పెంచుతాయని అమ్మే పొడులు, మాల్ట్ పొడులు చాలావరకు ఈ రెండో రకమే. ధర పోల్చాలంటే డబ్బా ధరను అందులోని మొత్తం ప్రొటీన్ గ్రాములతో భాగించండి. ఏది చౌకో అప్పుడే తెలుస్తుంది. విడిగా కవర్లలో కట్టి అమ్మే పొడిని ఎవరు చెప్పినా కొనకండి.

ఏ కాఫీ పొడి మంచిది?

ఇన్‌స్టంట్ పొడి సులువు, ఫిల్టర్ డికాక్షన్ రుచి. రెండూ పనికొస్తాయి. చికోరీ కలిపిన పొడి చిక్కగా, ముదురు రంగులో దిగుతుంది. చికోరీలో కెఫీన్ ఉండదు కాబట్టి ఆ మేరకు ఉత్సాహం తక్కువ. కాఫీ, చికోరీ మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలని నిబంధన. ఆ శాతం ప్యాకెట్ మీద రాసి ఉంటుంది. మన ఇళ్లలో టీ అలవాటే ఎక్కువ, కాబట్టి కాఫీ చేదు కొత్తగా అనిపించేవారు చికోరీ ఉన్న దానితో మొదలుపెడితే నయం.

బర్రె పాలతో చేయవచ్చా, ప్యాకెట్ పాలే కావాలా?

రెండింటితోనూ చేయవచ్చు. గేదె పాలలో ప్రొటీన్ కాస్త ఎక్కువే, కానీ కొవ్వు ఆవుపాల కంటే బాగా ఎక్కువ. చల్లారాక మీగడ తీసేసి వాడితే డ్రింకు తేలిగ్గా ఉంటుంది. ప్యాకెట్లలో టోన్డ్ పాలకు కొవ్వు 3 శాతం, డబుల్ టోన్డ్ పాలకు 1.5 శాతం, ప్రొటీన్ మాత్రం రెండింటిలోనూ దాదాపు సమానం. బరువు తగ్గాలనుకునేవారు డబుల్ టోన్డ్ తీసుకోండి. ఇంటి పాలైతే తప్పకుండా కాచి చల్లార్చాకే వాడాలి.

## తయారు చేసేటప్పుడు

వే పొడితో చేయడానికి సరైన కొలతలు, వరుస చెప్పండి.

చెంచాన్నర ఇన్‌స్టంట్ కాఫీ పొడిని నాలుగు చెంచాల గోరువెచ్చని నీళ్లలో కరిగించి పూర్తిగా చల్లారనివ్వండి. డికాక్షన్ అయితే 60 మిల్లీలీటర్లు చాలు. మిక్సీ జారులో ముందు 200 మిల్లీలీటర్ల చల్లటి పాలు, తర్వాత కాఫీ, ఆ తర్వాత ఒక స్కూపు పొడి, చివరగా ఐదారు ఐస్ ముక్కలు వేయాలి. పొడి ముందు వేస్తే అడుగున బ్లేడ్ కింద అతుక్కుపోతుంది. పదిహేను, ఇరవై సెకన్లు తిప్పితే సరిపోతుంది. గ్లాసుకు సుమారు 30 గ్రాముల ప్రొటీన్ వస్తుంది.

వేడి కాఫీలో పొడి వేయగానే ముద్దలు కడుతోంది. పొడి కల్తీదా?

కాదు. వే ప్రొటీన్ 70 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలుపెడుతుంది. అప్పుడే దించిన డికాక్షన్‌లో పడిన పొడి పైపొర చప్పున బిగుసుకుపోతుంది, లోపల పొడి పొడిగానే ఉండిపోతుంది. కాఫీని గోరువెచ్చని స్థితికి చల్లార్చి, పొడిని ముందుగా చల్లటి పాలలో కలిపి, ఆ తర్వాత రెండూ కలపండి. ముద్దకట్టినా పోషక విలువ పోదు, వడకట్టి పారబోయకండి. మిక్సీలో మరోసారి తిప్పి తాగేయండి.

కరెంటు లేనప్పుడు, మిక్సీ లేనప్పుడు ఎలా?

కవ్వం ఉంటే చాలు. లోతైన గిన్నెలో మూడు చెంచాల పాలతో పొడిని ముందు పేస్టులా కలిపి, మిగతా పాలు కొద్దికొద్దిగా పోస్తూ మజ్జిగ చిలికినట్లు చిలకండి. పేస్టు చేయకుండా పాలన్నీ ఒకేసారి పోస్తే ఉండలు కడతాయి. గట్టి మూత ఉన్న సీసా ఉంటే అర నిమిషం బాగా కుదిపినా కలుస్తుంది. పల్లీలు వేయాలంటే ముందే రోట్లో దంచి పెట్టుకోండి.

నురగ గ్లాసు నిండా వస్తోంది. తగ్గేదెలా?

ఎక్కువసేపు తిప్పడమే కారణం. పది సెకన్ల చొప్పున రెండుసార్లు తిప్పి ఆపండి, రెండు నిమిషాలు కదలకుండా ఉంచండి.

రెండు నిమిషాలకే నీళ్లగా అయిపోతోంది. ఏం చేయాలి?

మన ఎండలకు మామూలు ఐస్ నిలవదు, కరిగిన కొద్దీ కాఫీ పలచబడుతుంది. దానికి మంచి ఉపాయం కాఫీ ఐస్. ముందురోజు రాత్రి కొంచెం ఎక్కువ డికాక్షన్ తీసి, నీళ్లు కలిపి, ఐస్ ట్రేలో గడ్డకట్టించండి. అది కరిగినా కాఫీయే అవుతుంది. పాలను కూడా ట్రేలో గడ్డకట్టించవచ్చు, డ్రింకు చిక్కగా వస్తుంది. ఇలా చేస్తే విడిగా కాఫీ పొడి తగ్గించుకోవడం మరవకండి, లేకపోతే కెఫీన్ రెట్టింపవుతుంది.

ఐస్‌కు బోరు నీళ్లు వాడవచ్చా? కాచి చల్లార్చితే సరిపోదా?

నల్లగొండ జిల్లాలోని మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు లాంటి ప్రాంతాల వారు ఈ జవాబు శ్రద్ధగా చదవండి. అక్కడి బోరు నీటిలో ఎక్కువగా ఉండే ఫ్లోరైడ్ కాచినా పోదు. కాస్తున్నప్పుడు నీరు ఆవిరై, మిగిలిన నీటిలో దాని మోతాదు ఇంకా పెరుగుతుంది. ట్రేలో గడ్డకట్టిన ఐస్‌లోనూ అది అలాగే ఉంటుంది. మామూలు క్యాండిల్ ఫిల్టర్ కూడా దాన్ని తీయదు. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి ‘నల్లగొండ టెక్నిక్’ అనే పేరు వచ్చిందంటే ఈ నేల ఎంత బాధపడిందో అర్థమవుతుంది.

కాబట్టి ఐస్‌కు, డికాక్షన్‌కు మిషన్ భగీరథ నల్లా నీటినో, ఆర్.ఓ. నీటినో మాత్రమే వాడండి. నల్లా నీటిని కాచి చల్లార్చుకుంటే క్రిముల భయమూ ఉండదు. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకపోవడం మంచిది, 1.5 గరిష్ఠ పరిమితి. ఇంకో మాట: టీ ఆకు నేల నుంచి ఫ్లోరైడ్‌ను బాగా పీల్చుకుంటుంది, కాఫీలో అది చాలా తక్కువ. ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ వల్ల పళ్లు, ఎముకలు దెబ్బతినే జబ్బు) ఉన్న ఇళ్లలో ముదురు డికాక్షన్ టీ తగ్గించమని చెప్పేది ఇందుకే.

ఫ్రిజ్ లేదు. బయట ఐస్ గడ్డ కొని వేసుకోవచ్చా?

డ్రింకులో వేయకండి. పెద్ద ఐస్ గడ్డలు చాలావరకు చేపలు, సరుకులు చల్లగా ఉంచడానికి చేసేవి, తాగే నీటితోనే చేశారన్న భరోసా ఉండదు. కొన్న ఐస్‌ను బకెట్లో వేసి, మూత బిగించిన సీసాను అందులో నిలబెట్టి చల్లబరచండి. ఐస్ కూడా లేకపోతే రంజన్ (మట్టికుండ) నీళ్లున్నాయి. కాచిన పాలను గట్టి మూత ఉన్న స్టీలు డబ్బాలో పోసి, రంజన్ నీళ్లు నింపిన గిన్నెలో అరగంట ఉంచితే హాయిగా తాగేంత చల్లబడతాయి. ఇలా చేసినది నిల్వ పెట్టకుండా వెంటనే తాగాలి.

చక్కెర బదులు బెల్లం మంచిదేనా?

రుచికి మంచిదే, కానీ బెల్లం కూడా చక్కెరే. షుగర్ ఉన్నవారికి అది మినహాయింపు కాదు. చల్లటి పాలలో బెల్లం కరగదు కాబట్టి కొంచెం వేడి నీళ్లలో కరిగించి, ఇసుక, నలకలు పోయేలా వడకట్టి, చల్లార్చి కలపండి. నాకైతే గింజ తీసి నానబెట్టిన రెండు ఖర్జూరాలు వేసి తిప్పడమే నచ్చుతుంది. తీపితో పాటు చిక్కదనం వస్తుంది. చేదు ఎక్కువైందనిపిస్తే చక్కెర పెంచే ముందు చిటికెడు ఉప్పు వేసి చూడండి, చేదు దిగుతుంది.

పచ్చి గుడ్డు కొట్టి వేస్తే బలమంటారు. నిజమేనా?

వద్దు. పచ్చి గుడ్డులో సాల్మొనెల్లా క్రిమి ఉండవచ్చు, ఎండాకాలంలో ఆ ముప్పు ఎక్కువ. పైగా ఉడికిన గుడ్డులోని ప్రొటీన్‌ను శరీరం పచ్చి గుడ్డు కంటే బాగా గ్రహిస్తుంది. డ్రింకు తాగి, పక్కన రెండు ఉడికిన గుడ్లు తినండి.

## తాగేటప్పుడు

పరుగు ముందు తాగాలా, తర్వాతా?

కానిస్టేబుల్ పరీక్షలోని 1600 మీటర్ల పరుగుకు, అమ్మాయిలైతే 800 మీటర్లకు సాధన చేసేవారు దీన్ని పరుగు తర్వాతే తాగాలి. పాలతో నిండిన కడుపుతో పరిగెడితే వికారం, పక్కపోటు వస్తాయి. కాఫీ ఉత్సాహం ముందే కావాలనుకుంటే పాలు లేని కాఫీ చిన్న కప్పు ముప్పావు గంట ముందు తాగండి. కెఫీన్ పనిచేయడానికి ఆపాటి సమయం పడుతుంది. పరుగు అయ్యాక ముందు నీళ్లు, ఊపిరి కుదుటపడ్డాక డ్రింకు. అసలు పరీక్ష రోజున మాత్రం అలవాటు లేని ఏదీ కొత్తగా తాగవద్దు.

ఎండలో పనికి వెళ్లేటప్పుడు అంబలి బదులు ఇది తాగవచ్చా?

తాగకండి. ఎండలో ఒంటికి కావలసింది ముందు నీళ్లు, ఉప్పు. అంబలి, ఉప్పు వేసిన పలచని మజ్జిగ ఆ పని చక్కగా చేస్తాయి. చిక్కటి పాల డ్రింకు ఆ పని చేయదు. 44, 45 డిగ్రీల ఎండలో పొలానికో, కూలికో వెళ్లేవారికి అంబలినే సీసాలో పోసివ్వండి. ఈ డ్రింకు పని ముగించుకుని నీడకు వచ్చాక తాగవచ్చు.

టీ మూడుసార్లు తాగుతాను. ఇది కూడా తాగితే ఎక్కువవుతుందా?

భారత వైద్య పరిశోధన మండలి 2024 ఆహార మార్గదర్శకాలు రోజుకు కెఫీన్ 300 మిల్లీగ్రాములు దాటవద్దని చెప్పాయి. అవే లెక్కల ప్రకారం 150 మిల్లీలీటర్ల కప్పుకు టీలో 30 నుంచి 65, ఇన్‌స్టంట్ కాఫీలో 50 నుంచి 65, ఫిల్టర్ కాఫీలో 80 నుంచి 120 మిల్లీగ్రాములు ఉంటాయి. చెంచాన్నర ఇన్‌స్టంట్ పొడి వేసిన డ్రింకులో సుమారు 90 అనుకోండి. మూడు టీలతో కలిపితే పరిమితి దగ్గరికి వచ్చేసినట్లే. ఒక టీ మానేయండి. గుండెదడ, చేతుల వణుకు ఉంటే ఇంకా తగ్గించాలి.

సాయంత్రం ఏడింటికి జిమ్ అయ్యాక తాగవచ్చా?

ప్రొటీన్ తాగండి, కాఫీ మానండి. శరీరంలోకి వెళ్లిన కెఫీన్‌లో సగం బయటకు పోవడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. ఏడింటికి తాగితే అర్ధరాత్రికి ఇంకా సగం మిగిలే ఉంటుంది. నిద్ర చెడితే వ్యాయామం ఫలితమూ తగ్గుతుంది. అదే డ్రింకును కాఫీ లేకుండా యాలకుల పొడితో చేసుకోండి.

రక్తహీనత ఉంది, ఐరన్ మాత్రలు వాడుతున్నాను. తాగవచ్చా?

భోజనంతో, మాత్రతో కలిపి తాగవద్దు. కాఫీ ఆహారంలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వదు, పాలలోని క్యాల్షియం కూడా అడ్డుపడుతుంది. భోజనానికి గంట ముందు, గంట తర్వాత కాఫీ, టీలు వద్దు. ఐరన్ మాత్రకు, ఈ డ్రింకుకు మధ్య రెండు గంటల ఎడం ఉంచండి. మాత్రను నిమ్మరసంతో వేసుకుంటే బాగా పడుతుంది. మన ఆడపిల్లల్లో రక్తహీనత ఎక్కువ, కాబట్టి ఇంట్లో పెద్దవాళ్లు ఈ ఒక్క విషయం గట్టిగా పట్టించుకోవాలి.

థైరాయిడ్ మాత్ర పొద్దున్నే వేసుకుంటాను. ఎంతసేపు ఆగాలి?

మాత్ర పరగడుపున నీళ్లతోనే వేసుకోవాలి. కాఫీకి కనీసం గంట ఆగాలి. ఈ డ్రింకులో పాలు, పాలపొడి కలిసి క్యాల్షియం ఎక్కువ ఉంటుంది కాబట్టి నాలుగు గంటల ఎడం ఉంటే నిశ్చింత. అంటే ఇది మీకు ఉదయం డ్రింకు కాదు, పదకొండు గంటల డ్రింకు.

గర్భిణులు, పిల్లలు తాగవచ్చా?

గర్భిణులకు రోజు మొత్తంలో కెఫీన్ 200 మిల్లీగ్రాములు దాటకూడదు, టీ కూడా అందులోకే వస్తుంది. ప్రొటీన్ పొడి మాత్రం డాక్టర్ చెబితేనే వాడాలి. చిన్నపిల్లలకు కాఫీ వద్దే వద్దు. పాలు, పుట్నాల పొడి, ఖర్జూరం కలిపి ఇవ్వండి, ఇష్టంగా తాగుతారు. పల్లీలు పడని పిల్లలు ఉంటారు. పల్లీలు కలిపితే మొదటిసారి కొంచెమే ఇచ్చి చూడండి.

షుగర్, కిడ్నీ సమస్య ఉన్నవారి సంగతి?

షుగర్ ఉన్నవారు తీపి లేకుండా, ఖర్జూరం కూడా లేకుండా చేసుకుంటే ఇబ్బంది తక్కువ. పాలలోని చక్కెర లెక్కలోకి వస్తుందని గుర్తుంచుకోవాలి. కిడ్నీ జబ్బు ఉన్నవారు డాక్టర్‌ను అడగకుండా ఈ డ్రింకు మొదలుపెట్టవద్దు. వారికి ప్రొటీన్ ఎంత ఇవ్వాలన్నది రక్తపరీక్ష చూసి నిర్ణయించాల్సిన విషయం.

పాలు తాగితే కడుపు ఉబ్బుతుంది. వేరే దారి ఉందా?

పాలలోని లాక్టోజ్ అరగకపోవడం దీనికి సాధారణ కారణం. పాల బదులు తీపి లేని సోయా పాలు, పాలపొడి బదులు వే ఐసొలేట్ (ఇంకా శుద్ధి చేసిన వే పొడి) వాడండి. ఐసొలేట్‌లో లాక్టోజ్ చాలా తక్కువ. పెరుగు పడుతుంది కదా అని కాఫీలో పెరుగు కలిపేవారున్నారు. పులుపు, చేదు కలిసి రుచి పాడవుతుంది. పెరుగును అన్నంలోనే తినండి.

## నిల్వ, ప్రయాణం

రాత్రే చేసి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు. ఐస్ వేయకుండా, మూత పెట్టి, ఫ్రిజ్ లోపలి వైపు ఉంచండి, తలుపు అరలో వద్దు. 24 గంటల్లోపు తాగేయాలి. పుట్నాల పొడి అడుగుకు దిగి గట్టిపడుతుంది, బాగా కుదిపి తాగండి. రాత్రి ఎక్కువసేపు కరెంటు పోయి ఫ్రిజ్ చల్లదనం తగ్గిందనిపిస్తే, వాసన బాగానే ఉన్నా పారబోయండి.

దేవరకొండ నుంచి నల్లగొండకు బస్సులో వెళ్తాను. దారిలో చెడిపోదా?

32 డిగ్రీలు దాటిన వేడిలో పాల పదార్థం గంటకు మించి బయట ఉండకూడదు. ఎండాకాలం బస్సులో అంతకంటే ఎక్కువ వేడే ఉంటుంది. మంచి ఫ్లాస్కును ముందు ఐస్ నీళ్లతో పది నిమిషాలు చల్లబరిచి, ఆ నీళ్లు పారబోసి, గడ్డకట్టిన కాఫీ ముక్కలతో డ్రింకు నింపండి. అంతకంటే నమ్మకమైన పద్ధతి పొడులన్నీ కలిపి పొడి సీసాలో తీసుకెళ్లడం. పాలపొడి, వే పొడి, ఇన్‌స్టంట్ కాఫీ ముందే కలిపి ఉంచుకుంటే, చేరాక చల్లటి మంచినీళ్లు పోసి కుదిపితే చాలు.

సీసా ఎంత కడిగినా వాసన పోవడం లేదు.

తాగిన వెంటనే చల్లటి నీళ్లతో ఒకసారి తొలిచేయండి. ముందే వేడినీళ్లు పోస్తే ప్రొటీన్ గోడలకు అతుక్కుంటుంది. ఇంటికి వచ్చాక చెంచా వంటసోడా, గోరువెచ్చని నీళ్లు పోసి అరగంట ఉంచి, బ్రష్‌తో మూత లోపలి రబ్బరును విడిగా తీసి తోమండి. వాసన దాదాపు ఎప్పుడూ ఆ రబ్బరులోనే దాగి ఉంటుంది. మూత పెట్టకుండా బోర్లించి ఆరబెట్టండి.